ఐదు బళ్లుంటే మన బండి ఆగాలి



జూలై, అక్టోబరు మధ్య కెన్యాలోని మాసాయి మారాకు సఫారీకి వెళ్లే తెలుగు కుటుంబాలకు, వారిని తీసుకెళ్లే టూర్ నిర్వాహకులకు ఈ విజ్ఞప్తి.

లక్షలు పోసి వెళ్తున్నాం. ఒక్క ప్రవేశ రుసుమే జూలై నుంచి విదేశీ పెద్దలకు రోజుకు 200 డాలర్లు. అంత పెట్టాక జంతువును దగ్గర్నుంచి చూడాలనిపించడం సహజం. డ్రైవర్లు మాట్లాడుకునే రేడియోలో చీతా కబురు వినగానే "త్వరగా పోనివ్వు" అని డ్రైవరును తొందరపెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మేం చేరేసరికే డజనుకు పైగా బళ్లున్నాయి. నడుమ చెదపుట్ట మీద తల్లి చీతా, దాని చూపంతా దూరాన మేస్తున్న చిన్న జింకల మీద. అది అడుగు వేసిన వైపల్లా బళ్లు కదిలాయి. చివరికి వేట మానుకుని గడ్డిలో పడుకుంది. మా ఫోన్ల నిండా దాని ఫొటోలే. ఆ పూట దాని పిల్లలు ఏం తిన్నాయో మాకు తెలియదు.

సింహాలకు, హైనాలకు ఎదురు నిలిచే బలం చీతాకు లేదు. వాటి కంట పడకుండా ఎక్కువగా పగలే వేటాడుతుంది. మన బళ్లు తిరిగేదీ ఆ వేళలోనే. మారా చీతాలపై 2018లో వెలువడిన పరిశోధన ఏం తేల్చిందో చూడండి: పర్యాటకుల రద్దీ తక్కువున్న చోట ఒక్కో ఈతలో సగటున 2.3 పిల్లలు పెరిగి పెద్దవవుతుంటే, రద్దీ ఎక్కువున్న చోట 0.2 మాత్రమే. అంటే ఐదు ఈతలకు ఒక్క పిల్ల! మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించుకుని, 2022లో నమీబియా నుంచి తెచ్చి కూనోలో వదిలినవాళ్లం. ఆ లోటు ఎలాంటిదో మనకు ఒకరు చెప్పాలా?

మారాలో నియమాలు లేక కాదు. జంతువు దగ్గర ఐదు బళ్లకు మించకూడదు. 25 మీటర్ల దూరం పాటించాలి. బాట వదిలి గడ్డిలోకి దిగకూడదు. నది దాటే వైల్డ్‌బీస్ట్ మందకు అడ్డుపడకూడదు. కానీ 1,500 చదరపు కిలోమీటర్ల మైదానంలో ప్రతి బండి వెనకా రేంజరు ఉండలేడు. డ్రైవరును నిందించి లాభం లేదు. ఎంత దగ్గరికి తీసుకెళ్తే అంత టిప్పు అని అతనికి నేర్పింది మనమే.

కాబట్టి మొదటి రోజు బండి ఎక్కకముందే అతనితో చెప్పండి: "ఐదు బళ్లుంటే దూరంగా ఆగుదాం. ఏమీ కనిపించకపోయినా మీ టిప్పు తగ్గదు." ఆ మాట నిలబెట్టుకోండి. ఇంటికో బైనాక్యులర్ తీసుకెళ్లండి. ఇంకాస్త ఖర్చు భరించగలిగితే నబోయిషో, ఓలారె మోటొరోగి వంటి కన్సర్వెన్సీలలో (వన్యప్రాణి సంరక్షణ క్షేత్రాలలో) బస చేయండి. అక్కడి నేల స్థానిక మాసాయి కుటుంబాలది. క్యాంపులు వారికి కౌలు చెల్లిస్తాయి, బళ్ల సంఖ్యకూ హద్దు ఉంటుంది.

టూర్ నిర్వాహకులారా, "అతి దగ్గర్నుంచి చూపిస్తాం" అన్న ప్రకటనలు ఈ సీజన్ నుంచే మానండి. ఐదు బళ్ల నియమాన్ని మీరిచ్చే ప్రయాణ పత్రంలో తెలుగులో అచ్చు వేయండి. అక్కడ బండి మాట్లాడుకునేటప్పుడే ఆ షరతు రాయించుకోండి.