రిబ్బను కత్తిరిస్తే సంఘం అవుతుందా?

కొత్త తరగతులు మొదలై నెలా రెండు నెలలు తిరగకుండానే ఇంజినీరింగ్ కాలేజీల సెమినార్ హాళ్లలో ఒక తంతు నడుస్తుంది. వేదిక మీద దీపం, వెనక ఫ్లెక్సీ, దానిమీద ఫలానా సంస్థ విద్యార్థి శాఖ ప్రారంభోత్సవమని పెద్దక్షరాలు. ముఖ్య అతిథి మాట్లాడతారు. శాలువా కప్పుతారు. ఫొటోలు దిగుతారు. టీ, సమోసాలతో సభ ముగుస్తుంది. చాలాచోట్ల మళ్లీ ఆ సంఘం పేరు వినపడేది మరుసటి ఏడాది ప్రారంభోత్సవం నాడే. మధ్యలో ఏం జరిగిందని అడిగే నాథుడే ఉండడు. ఆరంభశూరత్వానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతికినా దొరకదు.

నిజానికి ఈ వృత్తి సంఘాలు ఆషామాషీవి కావు. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ 1920లో ఏర్పడింది. కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా 1965లో వచ్చింది. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ రంగాల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ రెండు పాత సంఘాలు కలిసి 1963లో ఒకటైతే పుట్టింది. సాంకేతిక విద్యకు ఐఎస్‌టీఈ, వాహన రంగానికి ఎస్ఏఈ ఇండియా ఉన్నాయి. కాలేజీల్లో వీటికి విద్యార్థి శాఖలుంటాయి. చదువు పూర్తయ్యేలోపే ఆ వృత్తిలో ఉన్నవారితో పరిచయం కలగాలి, ఆ పని తీరు, మాట తీరు పిల్లలకు అలవడాలి అన్నదే వీటి ఉద్దేశం. సలహాదారుగా ఓ అధ్యాపకుడు ఉంటారు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి మాత్రం విద్యార్థులే. డిగ్రీ కాలేజీల్లో కామర్స్ అసోసియేషన్లు, సైన్స్ ఫోరంలు కూడా ఈ కోవలోవే.

పేపరు మీద ఇంత బాగున్నది ఆచరణలో ఎక్కడ చెడుతోంది? సంఘాన్ని నడపాల్సిన విద్యార్థి సంతకానికే పరిమితమైపోయిన చోట చెడుతోంది. సభ్యత్వ రుసుము కట్టించుకుంటారు. అది దేనికి ఖర్చయిందో చెప్పరు. పదవులకు ఎన్నిక ఉండదు. మార్కులు ఎక్కువొచ్చినవాడికో, ఇంగ్లిషు గడగడా మాట్లాడే అమ్మాయికో పేరు రాసేస్తారు. మిగతా పిల్లలు కుర్చీలు సర్దడానికి, చప్పట్లు కొట్టడానికి మిగులుతారు. చివరికి వారికి దక్కేది ఓ సర్టిఫికెట్టు. బయోడేటాలో నాలుగు సంఘాల సభ్యత్వం రాసుకుంటారు. ఇంటర్వ్యూలో 'అందులో నువ్వు చేసిన పనేంటి?' అని ఒక్క ప్రశ్న వేస్తే నోరు పెగలదు.

ఈ నష్టం అందరికీ ఒకేలా ఉండదు. తల్లిదండ్రులు చదువుకున్న ఇంటి పిల్లవాడికి అన్నం తినేటప్పుడే ఆఫీసు కబుర్లు చెవిన పడతాయి. ఎవరికి ఎలా ఉత్తరం రాయాలి, ఎవరితో ఎలా మాట్లాడాలి అన్నది అడక్కుండానే తెలుస్తుంది. షోలాపూర్‌లో మగ్గం మీద బతికిన ఇంటి నుంచో, బళ్లారిలో జీన్స్ కుట్టే ఇంటి నుంచో, రాయగడ పక్కన చిన్న కొట్టు నడుపుకునే ఇంటి నుంచో తొలిసారి కాలేజీ గడప తొక్కిన బిడ్డకు ఆ వసతి లేదు. ఆ లోటు సిలబస్ పుస్తకం తీర్చలేదు. ఒక సభ పెట్టడానికి ప్రిన్సిపాల్ అనుమతి తీసుకోవడం, అతిథికి ఉత్తరం రాయడం, వచ్చిన డబ్బుకు రసీదు ఇవ్వడం, ఖర్చుకు లెక్క చెప్పడం, నలుగురిలో లేచి రెండు మాటలు మాట్లాడటం... వీటిని తప్పులు చేస్తూ నేర్చుకోగల చోటు కాలేజీలో ఈ సంఘమే. దాన్ని ఫొటోల పండగగా మార్చేస్తే ఎక్కువ నష్టపోయేది దాని అవసరం ఎక్కువున్న పిల్లలే.

సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థికి మరో చిక్కు ఉంది. తరాలుగా ఇక్కడే స్థిరపడిన ఇంటి బిడ్డ బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదివి ఉంటాడు. ఇంట్లో మాట తెలుగు. కాలేజీలో పాఠం ఇంగ్లిషు. స్థానిక విద్యార్థుల లెక్కలో అతను తెలుగువాడు. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లల లెక్కలో అతను 'ఇక్కడివాడు'. రెండు గుంపులకూ కాస్త దూరంగా ఉండిపోయి, చివరికి ఏ సంఘంలోనూ ముందుకు రాని పిల్లలు తక్కువేం కాదు. హాస్టల్ తెలుగు పిల్లలు మరో దారి పడతారు. తమ ఊరు, తమ జిల్లా, ఒక్కోసారి తమ కులం చూసుకుని జట్లు కడతారు. కొత్త ఊళ్లో అది ఆసరాగానే ఉంటుంది. కానీ నాలుగేళ్లూ ఆ జట్టు దాటి బయటికి రాకపోతే ఉద్యోగంలో చేరిన రోజున పక్క సీటువాడితో మాట కలపడమే గండమవుతుంది.

లోటుగా కనిపించే ఈ మూడు నాలుగు భాషలే అసలైన బలమని గుర్తించాలి. హోసూరులో వాహనాల ఫ్యాక్టరీలున్నాయి. బళ్లారి పక్కన తోరణగల్లులో ఉక్కు కర్మాగారం ఉంది. రాయగడ దగ్గర కాగితం మిల్లు ఉంది. షోలాపూర్‌లో దుప్పట్లు, తువ్వాళ్లు నేసే మరమగ్గాలున్నాయి. ఇంజినీరింగ్ విద్యార్థికి ఇంతకన్నా పెద్ద ప్రయోగశాల ఏముంటుంది? అక్కడి సూపర్‌వైజర్ పాఠంలోని ఇంగ్లిషులో చెప్పడు. తన పనిని తన భాషలో చెబుతాడు. మెషీను ఎక్కడ మొరాయిస్తుందో, దారం ఎందుకు తెగుతుందో కన్నడంలోనో మరాఠీలోనో విని, తెలుగులో తోటివాడికి చెప్పి, ఇంగ్లిషులో నివేదిక రాయగల విద్యార్థి ఎవరు? రెండు గుంపులకూ చెందనట్టు కనిపించిన ఆ స్థానిక తెలుగు పిల్లాడే. అతని చేతికి ఆ పని అప్పగించగలిగితే సంఘం పెట్టినందుకు ఫలితం దక్కినట్టే.

సంఘం సరిగ్గా నడిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఉదాహరణలు లేకపోలేదు. ఎస్ఏఈ ఇండియా 2007లో మొదలుపెట్టిన బాహా పోటీ సంగతే చూడండి. గతుకుల దారిలో నడిచే ఒంటి సీటు బండిని విద్యార్థులే డిజైన్ చేసి, తయారుచేసి, పోటీకి తీసుకెళ్లాలి. డిజైన్ వేసేవాడొకడు. వెల్డింగ్ చూసేవాడొకడు. సామాన్లకు బేరమాడేవాడొకడు. డబ్బిచ్చేవారిని వెతికేవాడొకడు. లెక్క రాసేవాడొకడు. గెలుపు ఓటముల మాట అటుంచితే, గడువు అంటే ఏంటో, ఒకడు పని ఎగ్గొడితే పదిమందికి ఎంత చేటో ఆ పిల్లలకు చెప్పనవసరం లేదు. అంత ఖర్చు పెట్టుకోలేని కాలేజీలు నెలకో చిన్న పని పెట్టుకున్నా చాలు. పక్క సర్కారు బడిలో పాడైన ఫ్యాన్లు, వైరింగు చూసి సరిచేయించడం కూడా వృత్తి శిక్షణే.

కర్ణాటకలో విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం 2018 స్కీములో ఏఐసీటీఈ సూచన మేరకు ఇంజినీరింగ్ విద్యార్థి నాలుగేళ్లలో 100 యాక్టివిటీ పాయింట్లు సంపాదించాలన్న నిబంధన పెట్టింది. తరగతి గది బయట, సమాజంలో పని చేయించాలన్నదే దాని ఆంతర్యం. మంచి ఆలోచనే. కానీ పాయింట్ల కోసం కాగితాలు పుట్టించే అలవాటు పెరిగితే నిబంధన ఉండీ లేనట్టే. సంఘం చేసే నిజమైన పనికి, ఈ పాయింట్లకు ముడి పెడితే రెండింటికీ విలువ పెరుగుతుంది.

చేయాల్సినవి పెద్ద పనులేం కావు. పదవులకు ఏటా విద్యార్థులే ఎన్నుకునే పద్ధతి రావాలి. ఇంగ్లిషు ధారాళంగా రావడమే అర్హత అన్న రివాజు పోవాలి. వసూలైన ప్రతి రూపాయి లెక్కా నోటీసు బోర్డు మీద పెట్టాలి. సెమిస్టరుకు ఒక్కటైనా ఫ్యాక్టరీ సందర్శన, ఒక్కటైనా చేత్తో చేసే పని ఉండాలి. మొదటి ఏడాది పిల్లలకు ఏదో ఒక బాధ్యత తప్పకుండా అప్పగించాలి. మొదటి ఆరు నెలలు పిల్లలు తమకు వచ్చిన భాషలో మాట్లాడినా నవ్వకూడదు. భయం పోతే ఇంగ్లిషు దానంతటదే వస్తుంది.

తల్లిదండ్రుల వంతూ ఉంది. 'క్లబ్బులూ గిబ్బులూ మనకెందుకు, మార్కులు తెచ్చుకో చాలు' అనే ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అప్పు చేసి ఫీజు కట్టినవారి భయం అది. తప్పు పట్టలేం. కానీ మార్కులు ఇంటర్వ్యూ గది గుమ్మం వరకే తీసుకెళతాయి. లోపలికెళ్లాక మాట్లాడాల్సింది బిడ్డే. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు 'ఎన్ని మార్కులొచ్చాయి?' అన్న ప్రశ్న పక్కనే 'మీ సంఘంలో నీ పనేంటి నాయనా?' అని కూడా అడగాలి. జవాబు రాకపోతే కాలేజీకి వెళ్లి ఆ మాటే అడిగే హక్కు ఫీజు కట్టిన ప్రతి తండ్రికీ, తల్లికీ ఉంది.

పొట్ట చేతబట్టుకుని ఎల్లలు దాటివచ్చిన తెలుగువారికి సంఘం విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు. పరాయి ఊళ్లో మగ్గం పెట్టుకున్నా, అంగడి తెరిచినా నలుగురు కూడి చందా వేసుకుని, లెక్క రాసుకుని, ఒకరికొకరు నిలబడబట్టే ఈ ఊళ్లలో వేళ్లూనుకోగలిగారు. తాతలు అక్షరం రాకుండానే నడిపిన విద్య అది. మనవలు డిగ్రీ చేతబట్టుకుని దాన్ని మరిచిపోకుండా చూడాల్సిన బాధ్యత కాలేజీలది, పెద్దలది. రిబ్బను కత్తిరించడానికి ఒక్క నిమిషం చాలు. ఆ మర్నాటి నుంచి ఏం జరుగుతోందన్నదే అసలు సంగతి.