మూత వేయని గుంతలు

మాఘమాసపు రాత్రులలో బత్తలపల్లె ఆకాశం నిర్మలంగా ఉంటుంది. వాన కరువైన సీమకు అదొక్కటే పరిహారమేమో! పొద్దుగూకిన తరువాత మిద్దెపై వెల్లకిలా పడుకొని చూస్తే, చుక్కల నడుమ ఒక చుక్క నిదానంగా సాగిపోవడం కానవస్తుంది. వెలుగుతూ, ఆరుతూ పోతే, అది పని ముగిసి పల్టీలు కొడుతున్న రాకెట్టు అంచె కావచ్చు. మనకు చీకటైనా, అంత ఎత్తున దానికింకా ఎండ తగులుతూనే ఉంటుంది.

ఆ దృశ్యానికి ఒకప్పుడు మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు మురిపెంతోపాటు బెరుకూ కలుగుతున్నది.

2001 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి.-సి3 మూడు ఉపగ్రహాలను కక్ష్యలో చేర్చింది. ప్రయోగం విజయవంతమే. కానీ డిసెంబరు 19న దాని నాలుగవ అంచె కక్ష్యలోనే పేలిపోయింది. లెక్కకు అందిన ముక్కలే మూడు వందలు దాటాయి. అధికభాగం క్రమంగా దిగివచ్చి గాలిలో కాలిపోయినా, కొన్ని ఇరవయ్యేళ్ళు దాటాక కూడా తిరుగుతూనే ఉన్నాయి. సెకనుకు ఏడు కిలోమీటర్లకు మించిన ఆ వేగంలో చిన్న మరమేకు సైతం తూటాను మించిపోతుంది.

నేడు శ్రీహరికోటలో ఒకేసారి పది వస్తువులను వెంబడించగల రాడారున్నది. 2022లో ఇస్రో బెంగుళూరులో ఇందుకు ప్రత్యేక కేంద్రాన్నే తెరిచింది. శకలం ఎదురొస్తున్నదని తెలిస్తే ఉపగ్రహాన్ని పక్కకు తప్పిస్తారు. మెచ్చదగినదే. కానీ రెండు శకలాలే ఢీకొనబోతే? తప్పించే దిక్కెవరు? కావలి కాయడమూ, శుభ్రం చేయడమూ ఒకటి కావు.

మా నాయన మూడు బోర్లు వేయించాడు. రెండింట నీరు పడలేదు. కేసింగు పైపులు పీకించి అమ్మేశాడు. గుంతలు నోరు తెరుచుకొని ఉండిపోయాయి. పిల్లలమైన మమ్మల్ని అటు పోనీయకుండా కాచుకోవడం అమ్మ పనైంది. గుంత ఎక్కడున్నదో తెలిసినంత మాత్రాన భయం తీరలేదు. బండతో మూయించిన నాడే తీరింది. వదిలేసిన బోర్లను పూడ్చవలసిందేనని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నేలమీది గుంతకున్న న్యాయం నింగిలోని శకలానికెందుకు ఉండరాదు?

"అగ్రరాజ్యాలు వదిలిన చెత్త ముందు మనదెంత?" అనేవారున్నారు. పక్కచేనివాడు పది గుంతలు వదిలాడని మన గుంతలో పడిన బిడ్డకు దెబ్బ తగలకుండా ఉంటుందా?

సాధ్యం కాదనడానికీ వీలులేదు. 2024 జనవరి 1న ఎగిరిన పి.ఎస్.ఎల్.వి.-సి58 నాలుగవ అంచెను 650 కిలోమీటర్ల నుంచి 350కి దించి, దానిపై ప్రయోగాలూ చేసుకున్నారు. మార్చి 21న అది వాతావరణంలో ప్రవేశించి అంతమైంది. 2030 నాటికి ప్రతి ప్రయోగమూ చెత్త మిగల్చకుండా సాగాలన్నది ఇస్రో సంకల్పం. సంకల్పం చాలదు, అది చట్టం కావాలని నా అభిప్రాయం. ఎగురవేసినవాడే దించాలి, దించే ఖర్చు ఎగురవేసే ఖర్చులోనే చేరాలి.

మిత్రులేమంటారు?