తాళం వేస్తే కంప్యూటర్ బాగుపడదు



మన హాస్టల్ పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌ను పాడుచేసింది నేనే. డిస్కు నిండిందని చూపిస్తుంటే ఖాళీ చేద్దామనుకున్నాను. దాచిన సిస్టం ఫైళ్లు కూడా కనిపించేలా పెట్టి సి డ్రైవ్ తెరిచాను. అందులో ఎన్‌టీఎల్‌డీఆర్ అని ఒకటుంది. అర్థంకాని పేరు కదా, చెత్త అనుకున్నాను. అది సిస్టం ఫైలని, తీసేయాలా అని అడిగింది కూడా. సరిగ్గా చదవకుండా 'ఎస్' నొక్కేశాను. మర్నాడు నల్ల తెర మీద ఆ ఫైలు లేదని ఒక్క లైను వచ్చింది, అంతే.

మా ఇంటి నిట్రాడ పొగచూరి నల్లగా ఉంటుంది. పాత కర్రే కదా అని పీకేస్తే ఇల్లు నిలుస్తుందా? ఇదీ అంతే.

భయంతో నాలుగు రోజులు చెప్పలేదు. ఈలోగా ఏడో తరగతి పిల్లలు తిట్లు తిన్నారు. గదికి తాళం పడింది. చివరికి సార్‌కు చెప్పాను. ఆయన ఎక్స్‌పీ సీడీ పెట్టి, రికవరీ కన్సోల్‌లోకి వెళ్లి, సీడీలోని ఐ386 ఫోల్డర్ నుంచి ఆ ఫైలును మళ్లీ సి డ్రైవ్‌లోకి కాపీ చేశారు. పావుగంట పని. మన మార్కుల లిస్టులు ఒక్కటీ పోలేదు.

తాళం మాత్రం ఇంకా తీయలేదు. తాళం వేస్తే తప్పు చేసినవాళ్లు దాక్కుంటారు, నేర్చుకునేవాళ్లు ఆగిపోతారు. మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. ఇక్కడ కాకపోతే కంప్యూటర్ ఇంకెక్కడ ముట్టుకుంటాను? మేడం, నన్ను నెల రోజులు రానివ్వకండి, గది మాత్రం తెరవండి. బాగుచేయడం కూడా మాకు నేర్పించండి.

ఏడో తరగతి చెల్లెళ్లూ, నన్ను క్షమించండి.

— 9వ తరగతి విద్యార్థిని