ఇంటర్వెల్ కబుర్లు: మంటకి మందుంది, మొహమాటానికే లేదు

పాటలో హీరోయిన్ వెనక ఓ ముప్పై మంది అమ్మాయిలు ఆడతారు చూడండి, వాళ్ళ మొహాలు మనకెవరికీ గుర్తుండవు. పత్రిక పని మీద అవుట్‌డోర్ షూటింగులకి వెళ్ళినప్పుడల్లా నేను మాత్రం వాళ్ళ దగ్గరే చేరేదాన్ని. అసలు కబుర్లన్నీ దొరికేది అక్కడే మరి! నడినెత్తిన ఎండ మండిపోతుంటే ప్రొడక్షన్ బాయ్ మజ్జిగ గ్లాసులు తెచ్చేవాడు. ఒక్కరూ ముట్టుకునేవారు కారు. “వద్దక్కా, తాగితే మళ్ళీ వెళ్ళాలి” అనేవారు. ఎక్కడికో చెప్పక్కర్లేదుగా! చుట్టూ చూస్తే గుట్టలు, పొదలు, యూనిట్ తాలూకు మగాళ్ళు.

ఇదేదో నేను కల్పించిన గాసిప్ అనుకునేరు. కాదు. మలయాళ చిత్రరంగంలో ఆడవాళ్ళ పరిస్థితులు చూడమని 2017లో కేరళ ప్రభుత్వం జస్టిస్ హేమ కమిటీని వేసింది. అందులో ఒక సభ్యురాలు మన తెనాలి ఆడపడుచు, మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి అనిపించుకున్న ‘ఊర్వశి’ శారద. 2019 చివర్లో ఇచ్చిన ఆ నివేదిక 2024 ఆగస్టులోగానీ బయటికి రాలేదు. పేపర్లన్నీ వేధింపుల సంగతులు రాశాయి. రాయాల్సిందే. కాని అదే నివేదికలో ఇంకో సంగతి కూడా ఉంది. షూటింగ్ చోట్ల టాయిలెట్లు లేక ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తున్నారట. గంటల తరబడి ఆపుకుని మూత్రం ఇన్ఫెక్షన్ల పాలవుతున్నారట.

సరే, వాళ్ళకి చోటు లేదు. మరి మనకో? 1977లో ‘దానవీరశూరకర్ణ’ దాదాపు 4 గంటలు కూర్చోబెట్టింది. 2024లో ‘పుష్ప 2’ 3 గంటల 20 నిమిషాలు. ఇంటర్వెల్లో లేడీస్ టాయిలెట్ ముందు క్యూ చూసి, “ఇంటికెళ్ళాక చూసుకుందాంలే” అని వెనక్కి తిరిగొచ్చే చెల్లెళ్ళు ఎందరో! కాలేజీలో అంతే, బస్సు ప్రయాణంలోనూ అంతే.

ఈమధ్య ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. పేరూ ఊరూ అడక్కండి, చెప్పను. ఒంటికి వెళితే మంటట. పది నిమిషాలకోసారి వెళ్ళాలనిపిస్తుందిట, తీరా వెళితే రెండు చుక్కలు. పొత్తికడుపులో ఒకటే పోటు. అమ్మతో చెబితే వేడి చేసిందని బార్లీ కాచి ఇచ్చింది. మెడికల్ షాపులో అడిగి మూడు బిళ్ళలు తెచ్చి వేసుకుంటే తగ్గింది. పదిరోజులకి మళ్ళీ మొదలు. “అక్కా, వచ్చే నెల్లో నా పెళ్ళి. ఇదేదో చెడ్డ జబ్బని అత్తవారనుకుంటే?” అని రాసి, ఆ చివరి మాట కింద రెండు గీతలు గీసింది.

చెల్లాయ్, ముందు కళ్ళు తుడుచుకో. నేను డాక్టర్ని కాను. కాని డాక్టర్లు చెప్పేది, పుస్తకాల్లో ఉన్నది చెబుతా, విను. నువ్వు రాసిన లక్షణాలు చాలావరకు సిస్టైటిస్‌వి, అంటే మూత్రాశయం వాపువి. ఆడవాళ్ళలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా మూత్రం ఇన్ఫెక్షన్ వస్తుంది. ఈ కథలో విలన్ ఎక్కణ్ణుంచో దిగడు. పేరు ఇ.కోలై. మన పేగుల్లోనే కాపురముంటాడు. అక్కణ్ణుంచి దారి తప్పి మూత్రనాళంలోకి వస్తాడు. మగవాళ్ళలో ఆ నాళం పొడవు సుమారు 20 సెంటీమీటర్లు, మనకి 4 సెంటీమీటర్లే. దారి దగ్గర, అంతే! చంటిపిల్లలకీ వస్తుంది, బామ్మలకీ వస్తుంది. దీనికీ నడవడికకీ ముడిపెట్టే వాళ్ళకి తెలివి లేదనుకో. వేరే కారణాలతో కూడా మంట రావచ్చు, నిజమే. ఏదన్నది తేల్చాల్సింది మూత్ర పరీక్ష, పక్కింటి పిన్నిగారు కాదు.

ఆపుకోవడం ఒక్కటే దీనికి కారణమని కాదు. కాని మాటిమాటికీ మూత్రం బయటికి పోతుంటే క్రిములూ కొట్టుకుపోతాయి. నీళ్ళు తాగక, వెళ్ళక నిలవ ఉంచితే వాటికి విడిది ఇచ్చినట్టే.

మీ అమ్మగారు బార్లీ ఇవ్వడంలో తప్పేం లేదు. బార్లీ అయినా, మజ్జిగ అయినా, కొబ్బరినీళ్ళయినా లోపలికి పోయేది నీళ్ళేగా! 2018లో అచ్చయిన ఒక అధ్యయనం ఉంది. నీళ్ళు తక్కువ తాగుతూ తరచూ ఈ బాధ పడే 140 మంది ఆడవాళ్ళని రెండు జట్లు చేశారు. ఒక జట్టు రోజూ లీటరున్నర నీళ్ళు అదనంగా తాగింది. ఏడాదిలో వాళ్ళకి సగటున 1.7 సార్లు వస్తే, రెండో జట్టుకి 3.2 సార్లు వచ్చింది. (గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.) అయితే ఇన్ఫెక్షన్ పట్టుకున్నాక బార్లీ ఒక్కదాన్నీ నమ్ముకుని కూర్చోకు. మంటకని షాపులో ఇచ్చే సిరప్ కాస్త ఉపశమనం ఇస్తుందేమో గాని క్రిమిని చంపదు.

నీకు మళ్ళీ వచ్చింది కనక ఈసారి డాక్టరు దగ్గరికే వెళ్ళు. మొదటి బిళ్ళ మింగకముందే మూత్రం కల్చర్ పరీక్షకి ఇవ్వు. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి. మందు నైట్రోఫ్యురాంటాయిన్ అయితే సాధారణంగా 5 రోజులు, ఫాస్ఫోమైసిన్ అయితే ఒకే మోతాదు. ఏది నీకు సరిపడుతుందో డాక్టరే చెప్పాలి. రెండోరోజుకి హాయిగా ఉందని ఆపేయకు. సగం దెబ్బలు తిన్న విలన్ సీక్వెల్లో తప్పక వస్తాడు, అప్పుడు పాత మందుకి లొంగడు! ఈలోగా నొప్పి తగ్గాలంటే వేడినీళ్ళ సంచికి గుడ్డ చుట్టి పొత్తికడుపు మీద పెట్టుకో. పారాసిటమాల్ వేసుకోవచ్చు. కాఫీ, టీ, కూల్ డ్రింకులకి నాలుగు రోజులు సెలవు.

చలిజ్వరం, వీపుకి ఒక పక్కన పక్కటెముకల కింద నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం... వీటిల్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కుతోందేమో చూడాలి. కడుపుతో ఉన్నవాళ్ళు, చక్కెర జబ్బు వాళ్ళు, పిల్లలు, మగవాళ్ళు అయితే మొదటి మంటకే డాక్టర్ని చూడాలి. పరీక్షలో క్రిమి లేదంటున్నా నెలల తరబడి నొప్పి వదలకపోతే, “అంతా నీ భ్రమ” అనే వాళ్ళ మాట వినకుండా యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. అలాంటి జబ్బూ ఒకటుంది.

పెళ్ళి మాట ఎత్తావు కనక ఇదీ చెప్పేస్తా. కొత్త కాపురంలో ఈ బాధ ఎంత మామూలంటే, ఇంగ్లీషులో దీనికి ‘హనీమూన్ సిస్టైటిస్’ అని పేరే పెట్టారు! కలయిక తర్వాత ఒకసారి ఒంటికి వెళ్ళిరావడం, కడుక్కునేటప్పుడు ముందునుంచి వెనక్కి కడుక్కోవడం మంచిదని డాక్టర్లు చెబుతారు. మీ ఆయనకీ ఈ సంగతి చెప్పు. దాచుకోవాల్సినంత రహస్యం ఇందులో ఏముంది?

తమ్ముళ్ళూ, ఇది ఆడవాళ్ళ గొడవ అని పేజీ తిప్పేయకండి. పిక్నిక్ బస్సు ఆపమని ఏ అమ్మాయైనా అడిగితే వెనక సీట్లోంచి ఈలలు వెయ్యకండి. ఇంటర్వెల్లో మీ చెల్లెలు క్యూలో నిలబడితే, ఆమె పాప్‌కార్న్ కాసేపు మీరు పట్టుకోండి. సెకండ్ హాఫ్ మొదట్లో రెండు నిమిషాలు పోతే పోనీ, కథ మీరు చెప్పొచ్చు. థియేటర్ల వారికీ, నిర్మాతలకీ నా మనవి ఒక్కటే: కటౌట్లకి పెట్టే ఖర్చులో కాస్త ఆడవాళ్ళ టాయిలెట్ల మీద కూడా పెట్టండి బాబూ!

చెల్లాయ్, రిపోర్టు రాగానే ఇంకో ఉత్తరం రాయి. దాంతోపాటు శుభలేఖ కూడా పంపావంటే మరీ సంతోషం. వచ్చే వారం కలుద్దాం.