అధికవేతనము – అస్తేయధర్మము

వేతననిర్ణయమున దొరలిన పొరపాటు వలన అధికముగా ముట్టిన సొమ్మును తిరిగి కట్టవలెనని విశ్రాంత ప్రభుత్వోద్యోగికి తాఖీదు వచ్చినచో, అతని ధర్మమేమి?

2014లో పంజాబు రాష్ట్ర వ్యాజ్యమున సుప్రీంకోర్టు, పదవీవిరమణ చేసినవారి నుండియు, మూడవ, నాల్గవ తరగతి ఉద్యోగుల నుండియు అట్టి వసూలు తగదనినది. ఆ తీర్పునకు మూలము కష్టనివారణమే కాని ధనముపై స్వత్వము కాదు. అధికమైనచో తిరిగి ఇత్తునని ముందే వ్రాసి ఇచ్చినవాడు ఆ మాటకు బద్ధుడని 2016లో అదే న్యాయస్థానము నిర్ణయించినది.

పతంజలి మహర్షి అస్తేయమును యమములలో మూడవదిగా పేర్కొనెను. తెలియక గ్రహించినవానికి దోషము లేదు. తెలిసిన పిమ్మట, శక్తి యుండియు నిలుపుకొనుట లోభము. కావున సమర్థుడైన సాధకుడు లెక్క సరిచూచుకొని, వాయిదాలలోనైనను చెల్లించుట శ్రేయస్కరము. పింఛనే జీవనాధారమైన వృద్ధుడు న్యాయరక్షణ కోరుట మాత్రము అధర్మము కానేరదు. తన శక్తి ఎంతయో నిష్కపటముగా నిర్ణయించుకొనుటయే ఇచ్చట సత్యవ్రతము.