నోటి దురుసుకు ఓటే జవాబు

ఎన్నికల వేదిక ఎక్కగానే కొందరు నాయకుల నోటికి అడ్డూ ఆపూ ఉండదు. జాతినో, రంగునో, భాషనో పట్టుకుని ఎవరినైనా చిన్నబుచ్చితే ఎదురుగా ఉన్న జనం చప్పట్లు కొడతారని వాళ్ల లెక్క. ఆ లెక్క ఘోరంగా తప్పిన ఎన్నిక ఒకటుంది. అది 2006లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో జరిగింది.

ఆ ఏడాది ఆగస్టు 11న సెనేటర్ జార్జ్ అలెన్ ప్రచార సభలో మాట్లాడుతున్నారు. ప్రత్యర్థి జిమ్ వెబ్ తరఫున ఇరవయ్యేళ్ల విద్యార్థి ఒకడు ఆ సభను వీడియో తీస్తున్నాడు. భారత సంతతి కుర్రాడు, పుట్టింది వర్జీనియాలోనే. అలెన్ అతణ్ని చూపించి 'మకాకా' అన్నారు. కోతుల్లో ఒక జాతి పేరది. ఆఫ్రికాలో తెల్లదొరలు నల్లవాళ్లను తిట్టడానికి వాడిన మాట. అది చాలదన్నట్టు, 'అమెరికాకు స్వాగతం' అంటూ వెటకారం కూడా. పుట్టిన గడ్డ మీదే ఆ కుర్రాణ్ని పరాయివాణ్ని చేసేశారు.

కుర్రాడు గొడవ పడలేదు, కెమెరా ఆపలేదు. వీడియో బయటికొచ్చింది. ఆ మాటకు అర్థమే తెలియదని అలెన్ సర్దిచెప్పుకున్నారు. చివరికి క్షమాపణ చెప్పారు. అయినా ఆ ప్రశ్న పోలింగు దాకా ఆయన్ని వదల్లేదు. నవంబరులో 23 లక్షలకు పైగా ఓట్లు పోలైతే తొమ్మిది వేల పైచిలుకు తేడాతో ఓడిపోయారు. ఇరాక్ యుద్ధం మీద జనం కోపమూ పనిచేసిన మాట నిజమే. కానీ అంత స్వల్ప తేడాలో ఆ ఒక్క మాట బరువెంతో ఆయనకే తెలియాలి.

ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకు అనుకోనక్కర్లేదు. 'మీరు ఇక్కడివాళ్లు కాదు' అనే మాట తరతరాలుగా పొరుగు రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువారికి కొత్త కాదు. 2024 నవంబరు 3న చెన్నై సభలో నటి కస్తూరి, రాజుల అంతఃపురాల్లో సేవలకు వచ్చినవాళ్లంటూ తెలుగువారి గురించి నోరు జారారు. నిరసన లేవగానే మాట వెనక్కి తీసుకున్నారు. కేసులు పెట్టారు. అదే నెలలో హైదరాబాదులో అరెస్టు చేశారు. బెయిలు వచ్చింది. గొడవ చల్లారింది.

కేసు పెట్టడం పోలీసుల పని. నిలదీయడం ఓటరు పని. ఒకరిని నాలుగు రోజులు లోపల వేసినంత మాత్రాన తెలుగువారికి మర్యాద దక్కినట్టు కాదు. హోసూరైనా, బళ్లారైనా, బరంపురమైనా, ఓటడగడానికి గుమ్మంలోకి వచ్చే నాయకుణ్ని అడగాలి: 'అయ్యా, ఇలాంటి మాటలను మీ పార్టీ తప్పంటుందా, లేదా? మా పిల్లలకు తెలుగు బడి సంగతేంటి?' ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణ చెబుతోంది. భాష పేరుతో ఓట్లడగడం అక్రమమని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు ఇచ్చింది. ఎన్నికల కోసం భాషల మధ్య చిచ్చుపెడితే మూడేళ్ల దాకా జైలని ప్రజాప్రాతినిధ్య చట్టం 125వ సెక్షన్ చెబుతోంది. చట్టం ఉంది. గుర్తుచేసే నోరే కావాలి.

ఇంకో మాట. మన భాష మాట్లాడే నాయకుడే పక్క భాషవాళ్లనో, పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీలనో ఎగతాళి చేస్తే మనం నవ్వి ఊరుకుంటున్నామా? అక్కడ చప్పట్లు కొట్టి, మన వంతు వచ్చినప్పుడు కన్నీళ్లు పెట్టుకుంటే వినేవాడుండడు. మనవాడైనా సరే తప్పు తప్పేనని అనగలిగితేనే రేపు మన ప్రశ్నకు ఎవరైనా జవాబు చెబుతారు.