నంద్యాల ప్రసంగాన్ని పాఠంగా చెప్పండి

2009 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శాసనసభలో నిలబడి, తెలంగాణకు సూత్రప్రాయంగా అభ్యంతరం లేదన్నారు. రోశయ్య సారథ్యంలో ఒక కమిటీని కూడా ప్రకటించారు. ఏప్రిల్ 16న తెలంగాణలో పోలింగ్ ముగిసింది. రాయలసీమ, కోస్తాలో రెండో విడత 23న. ఈ రెండు తేదీల నడుమ నంద్యాల సభలో అదే నోటితో ఏమన్నారు? తెలంగాణ వస్తే హైదరాబాద్ పోవడానికి వీసా తీసుకోవాల్సి వస్తుందన్నారు. ఇక్కడి ఓటు పడ్డది, ఇక అక్కడి ఓటుకు భయం కావాలి!

ఆ దగాకు మనమంతా మండిపడ్డం. ఇవాళ డిగ్రీలో చేరుతున్న పిల్లలు అప్పటికి ఉయ్యాలల్లో ఉన్నారు. మన కోపాన్ని వాళ్లకు అప్పగించలేం. ఆ ప్రసంగాన్ని విప్పి చూపించడం మాత్రం మన అధ్యాపకుల చేతిలో పనే.

శాసనసభ మాటను, నంద్యాల మాటను ఒకే బల్ల మీద పెట్టండి. ఏ తేదీన, ఏ ఊర్లో, ఎవరి ముందు అన్నారో పిల్లలనే రాయమనండి. తర్వాత మాటలు పట్టుకోండి. 'అభ్యంతరం లేదు' అంటే 'ఇస్తాం' అనా? 2004లో యూపీఏ ఉమ్మడి కార్యక్రమంలో తెలంగాణ గురించి ఒక్క వాక్యం రాసుకున్నరు. తగిన సమయంలో, సంప్రదింపులు, ఏకాభిప్రాయం తర్వాత డిమాండును పరిశీలిస్తారట. ఒక తలుపుకు మూడు తాళాలు. తగిన సమయమని తేల్చేదెవరు? ఎందరు తలూపితే ఏకాభిప్రాయం? చివరికి మిగిలే క్రియ 'పరిశీలించడం' ఒక్కటే. దీనికి రాజనీతిశాస్త్రం లెక్చరరే అక్కర్లేదు, కర్త కర్మ క్రియ చెప్పే తెలుగు పంతులు చాలు.

ఉద్యోగ మిత్రులకు ఈ పాఠం కొత్తది కాదు. 1985 డిసెంబర్ 30న వచ్చిన 610 జీవోలో స్థానికేతరులను వెనక్కి పంపేందుకు 1986 మార్చి 31 అని గడువు స్పష్టంగా ఉంది. గడువు రాసిన జీవోకే ఆ గతి పట్టింది. ఇక గడువే చెప్పని ఎన్నికల హామీని ఏ లెక్కన నమ్మాలి? 'ఎప్పటిలోగా' అని అడగడం ఇంట్లో పిల్లలకు మీరే నేర్పాలి.

మరి మన వేదిక మీది మాటలో? వాటినీ అదే బల్ల మీద పెట్టాలి. తెలంగాణకు తొలి ముఖ్యమంత్రి దళితుడేనని కేసీఆర్ చెప్పారు. 2014 జూన్ 2న ప్రమాణం చేసింది కేసీఆరే. ఉద్యమ నాయకుడి మాట కదా అని దీన్ని దాటవేసే అధ్యాపకుడు చేసేది పార్టీ పని.

తరగతి గదిలో రాజకీయాలేందని కొందరు పెద్దమనుషులు అడుగుతరు. బస్సులెక్కించి సభలకు తోలుకపోయేటప్పుడు అడ్డురాని రాజకీయం, ఆ సభలో విన్న మాటను పరీక్షించేటప్పుడే అడ్డమొస్తదా?

ఇప్పుడు ప్రతి విద్యార్థి చేతిలో ఫోన్ ఉంది. రాబోయే ఎన్నికల సభల్లో విన్నది రికార్డు చేయండి. తేదీ, ఊరు రాసి దాచండి. అదే నాయకుడు పక్క జిల్లాలో ఏమన్నడో తెచ్చి దాని పక్కన పెట్టండి.